మేస్త్రీకి ఎన్ని మార్కులు? – వలస చట్టాల్లో 'నైపుణ్యం' అనే మాట గురించి

తెలుగులో వలస గురించి మాట్లాడేటప్పుడు మనకు ఇద్దరు మనుషులే కనిపిస్తారు. ఒకడు గల్ఫ్ కార్మికుడు. అప్పు చేసి పోయినవాడు, ఏజెంటు చేతిలో మోసపోయినవాడు, కొన్నిసార్లు శంషాబాద్‌కు పెట్టెలో వచ్చినవాడు. రెండోవాడు అమెరికా ఇంజనీరు. మొదటివాడి కథ తిరిగి రావడంతోనో చావుతోనో ముగుస్తుంది. రెండోవాడి కథ తిరిగి రాలేని దిగులు చుట్టూ తిరుగుతుంది. ఆ దిగులు మీద సంకలనాలే వచ్చినయి. వీళ్ళిద్దరి నడుమ మూడో మనిషి ఒకడున్నాడు. వెల్డింగో, తాపీపనో, కరెంటు పనో నేర్చుకొని, ఆ పని పేరు మీదనే ఇంకో దేశం పోయి, అక్కడే ఇల్లు పెట్టుకొని, పిల్లల్ని అక్కడి బడికి పంపి, ఆ దేశపు పౌరుడు కావాలనుకునే మనిషి. సాహిత్య విమర్శకు ఇతను కనబడలేదంటే అర్థం చేసుకోవచ్చు. దళిత ఉద్యమానికి కూడా ఎందుకు కనబడలేదు? ఈ వ్యాసంలో మేము అడుగుతున్న ప్రశ్న ఇది.

దీన్ని మేము గట్టు మీద నిలబడి రాయడం లేదు. మా బాపు తాపీమేస్త్రీ. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి మస్కట్ పోయి, పన్నెండేండ్లు గోడలు కట్టి, మోకాళ్ళు అరిగి తిరిగొచ్చిండు. గల్ఫ్‌లో చేతిపని చేసేవాడు ఎన్నేండ్లున్నా ఆ దేశం మనిషి కాడు. పని ఆగితే వీసా ఆగుతుంది, వీసా ఆగితే విమానం ఎక్కాలె. మా తమ్ముడు ఐటిఐలో వెల్డర్ ట్రేడు చేసి ఖతర్ పోయిండు. 2022లో తిరిగొచ్చినప్పటినుంచీ ఒకటే మాట: "మల్లా గల్ఫ్ పోనక్కా. పోతే కెనడా పోత. పోతే ఆడనే ఉంట." హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీవాళ్ళు మూడు లక్షలు అడిగిన్రు. "నువ్వు సదువుకున్నవు గదా, నువ్వే నింపు" అని కాయితాల కట్ట మా ముందర పెట్టిండు. మా ఇంట్లో విశ్వవిద్యాలయం మొహం చూసిన మొదటి తరం మాది. కవితల్నీ నవలల్నీ చదవడానికి మేము నేర్చుకున్న పద్ధతి ఏదుందో, దాంతోనే ఆ నిబంధనల్నీ చదివినం. నిజానికి అవి కూడా పాఠాలే. మనిషి విలువను పంక్తులుగా, గడులుగా విడగొట్టి రాసిన పాఠాలు.

కెనడా 1967లో మార్కుల పద్ధతి తెచ్చింది. జాతిని బట్టి కాకుండా చదువు, భాష, వయసు, పని చూసి మనుషుల్ని తీసుకుంటామన్నది. కాలం గడిచేకొద్దీ ఆ మార్కుల్లో డిగ్రీల బరువు పెరిగి, ఇంజనీర్లు లోపలికి పోయిన్రు, గోడలు కట్టేవాళ్ళు బయట మిగిలిపోయిన్రు. అక్కడేమో పైపులు అతికేవాళ్ళు చాలడం లేదు. అందుకని 2013 జనవరిలో ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ ప్రోగ్రాం అని విడిగా ఒక దారి తెరిచిన్రు. మొదటి ఏడాది 3,000 దరఖాస్తులు మాత్రమే అని పరిమితి పెట్టిన్రు. షరతులు ఇవి: గత 5 ఏళ్ళలో కనీసం 2 ఏళ్ళ పూర్తికాలపు అనుభవం వుండాలి. ఇంగ్లీషు లేదా ఫ్రెంచి పరీక్ష పాసు కావాలి. కనీసం ఏడాది పని ఇస్తామని కెనడా యజమాని రాసివ్వాలి, లేకుంటే అక్కడి రాష్ట్రమో కేంద్రమో ఇచ్చే వృత్తి అర్హతా పత్రం వుండాలి. మరి చదువు? కనీసం ఇంత చదివి వుండాలి అనే షరతే లేదు.

ఈ ఒక్క మాట దగ్గర మేము చాలాసేపు ఆగినం. ఆరో తరగతి కూడా దాటని మేస్త్రీని, మేస్త్రీ కాబట్టే శాశ్వతంగా వచ్చి వుండమని ఒక రాజ్యం కాగితం మీద రాసింది. ఆ జాబితాలో వెల్డర్ వున్నాడు, ఎలక్ట్రీషియన్ వున్నాడు, ఇటుక పేర్చేవాడున్నాడు, వడ్రంగి వున్నాడు, వంటమనిషి వున్నాడు, మాంసం కోసే పనివాడు కూడా వున్నాడు. మాంసం కోసే పనీ కరెంటు పనీ ఒకే జాబితాలో, ఒకే షరతుల కింద వున్నయి. మన దగ్గర మాంసం పని చేసేవాళ్ళ వాడ వూరికి ఏ దిక్కున వుంటుందో, ఆ పని పేరు ఎట్లాంటి తిట్టుగా మారిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర లేదు. కెనడా స్వర్గమని మేము అనడం లేదు. ఆ భూమి ఎవరిదో, అక్కడి మూలవాసుల పిల్లల్ని రెసిడెన్షియల్ బడుల్లో ఏం చేసిన్రో 2015లో వాళ్ళ సత్య, సయోధ్య కమిషనే తన నివేదికలో రాసింది. గుంజుకున్న భూమి మీద మనకు చోటు ఇస్తున్నరన్న ఎరుక వుండాల్సిందే. అయినా చేతిపనిని పౌరసత్వానికి అర్హతగా ఒప్పుకోవడం అనేది చిన్న విషయం కాదు. మన దగ్గర చేతిపని మనిషికి కులాన్ని ఇచ్చింది గానీ హోదాను ఎన్నడూ ఇయ్యలేదు.

అయితే అదే జాబితాలో చెప్పులు కుట్టే పని లేదు. తోలు పని లేదు. ఊడ్చే పని, కడిగే పని, సామాన్లు మోసే పని లేవు. ఆ పనులకు మనుషులు అక్కర్లేదా అంటే కావాలి. కాకపోతే వాళ్ళు 'నైపుణ్యం' అనే గీతకు కింద వున్నరు. ఆ గీత ఎక్కడ పడుతుందన్నదే అసలు రాజకీయం.

ఇక గీతకు పైనున్న వాళ్ళకైనా తలుపు తెరిచే వున్నదా? మా తమ్మునికి కెనడాలో పని ఇస్తానన్న యజమాని ఎవడూ లేడు. జగిత్యాలలో కూర్చున్న వెల్డర్‌కు ఆల్బెర్టాలో యజమాని ఎట్ల దొరుకుతడు? మరి రెండో దారి, అర్హతా పత్రం. అది ఇచ్చేది అక్కడి రాష్ట్రాల వృత్తి సంస్థలు. దానికోసం మామూలుగా ఆ రాష్ట్రానికి పోయి పరీక్ష రాయాలి, అక్కడి యజమాని దగ్గర కొంత పని చేయాల్సి కూడా రావచ్చు అని వలస శాఖే చెబుతుంది. అంటే పోవాలంటే పత్రం కావాలి, పత్రం కావాలంటే పోవాలి. దేశమంతటా చెల్లే రెడ్ సీల్ అనే ముద్ర కోసం రాసే పరీక్ష ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో వుంటుంది. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టే తరహా పరీక్ష, 70 శాతం వస్తే పాసు. వెల్డింగ్ చేతిలో వున్నదా అని అడగడం వేరు, వెల్డింగ్ గురించి ఇంగ్లీషులో చదివి జవాబు గుర్తుపట్టడం వేరు.

మా తమ్ముడు సిక్స్‌జి వెల్డర్. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, దాన్ని తిప్పకుండా మనిషే చుట్టూ తిరిగి, వంగి, పడుకొని, రూట్ నుంచి క్యాపింగ్ దాకా అతకాలి. తర్వాత ఆ అతుకుకు ఎక్స్‌రే తీస్తరు. లోపల గాలి బుడగంత తేడా వున్నా ఆ ఫిలింలో కనబడుతుంది. వాని అతుకులు ఏండ్ల తరబడి ఎక్స్‌రేలో పాసైనయి. కానీ వాడు పోయిన వీసా మీద రాసి వున్నది 'లేబర్' అని. మనుషుల్ని సప్లై చేసే కంపెనీ దగ్గర ఆ రోజు అమ్ముడుపోకుండా వున్న వీసాలు అవే. ఏజెంటు "ఆడికి పొయ్యినంక పనిని బట్టి జీతం" అన్నడు, వీళ్ళు పోయిన్రు. జీతం చీటీ మీద లేబర్, గుర్తింపు కార్డు మీద లేబర్. పని మానేసి వచ్చేటప్పుడు అడిగితే ఇచ్చిన అనుభవ పత్రంలో కూడా జనరల్ లేబరర్ అనే రాసిన్రు. కెనడా కోరే ఉత్తరంలో పని పేరు, రోజూ చేసే పనుల వివరం, వారానికి గంటలు, జీతం వుండాలి. సైటులో వాని పైన వున్న మలయాళీ ఫోర్‌మన్ మంచివాడే. వీడు వెల్డరేనని ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపిండు. దాన్ని ఏ గడిలో పెట్టాలె? పైగా గత 5 ఏళ్ళు అనే లెక్క ఒకటుంది గదా, క్యాలెండర్‌లో నెల మారినప్పుడల్లా ఖతర్ నెల ఒకటి అందులోంచి జారిపోతున్నది. ఇప్పుడు జీడిమెట్లలో ఒక షెడ్డులో రోజుకూలీకి అదే పని చేస్తున్నడు. అక్కడ హాజరు పుస్తకమే లేదు.

భాష సంగతి. ఈ పథకానికి అడిగే ఇంగ్లీషు మరీ పెద్దదేం కాదు. ఐఇఎల్‌టిఎస్‌లో వినడం, మాట్లాడటం 5, రాయడం 4, చదవడం 3.5. ఈ విషయంలో నిబంధన న్యాయంగానే వుందని ఒప్పుకోవాలి. మా తమ్ముడు పనికి సంబంధించి హిందీ, కొంత అరబ్బీ, కొంత మలయాళం మాట్లాడతడు. నాలుగో భాష నేర్చుకోలేడా? నేర్చుకుంటడు. కానీ పదిహేను వేలకు పైగా ఫీజు కట్టి ఒకసారి తప్పితే రెండోసారి కట్టేది ఎవరు? దానికి తోడు బ్యాంకులో చూపించాల్సిన డబ్బు. అక్కడ పని హామీ లేని ఒంటరి మనిషికి 2025 లెక్క ప్రకారం 15 వేల డాలర్లకు పైనే, మన డబ్బులో తొమ్మిది లక్షలు దాటుతుంది. భూమి వున్నవాని కొడుకు రెండెకరాలు అమ్మి చూపిస్తడు. భూమి లేనివాడు ఏం చూపించాలె? ఇది నైపుణ్యానికి పెట్టిన పరీక్ష కాదు, తాతల ఆస్తికి పెట్టిన పరీక్ష.

2015లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి వచ్చింది. అర్హత వున్నవాళ్ళందర్నీ ఒక గుంపుగా పెట్టి, మార్కుల వరుసలో పిలుస్తరు. అర్హతకు చదువు అక్కర్లేదన్న మాట ఇక్కడికి వచ్చేసరికి మెల్లగా వెనక్కి పోతుంది. ఒంటరి దరఖాస్తుదారుకు చదువు కింద వేసే మార్కులు చూడండి: బడి చదువు పూర్తికాని వాడికి 0, పూర్తయితే 30, డిగ్రీకి 120, పీహెచ్‌డీకి 150. అంటే మా పరిశోధన పూర్తయితే మాకు 150 వస్తయి. మేము జీవితంలో ఒక్క ఇటుక పేర్చలేదు. ఇరవై ఏండ్లు ఇటుకలు పేర్చి మమ్మల్ని చదివించిన మా బాపుకు సున్న. వయసు 45 నిండితే ఆ గడిలోనూ సున్నే. చేతిపని వాళ్ళను విడిగా పిలిచే పద్ధతి 2023లో మొదలైంది, అది కొంత మేలు. కానీ ఆ పిలుపులో కూడా వరుస ఈ మార్కుల ప్రకారమే.

ఆస్ట్రేలియా సంగతి క్లుప్తంగా. 1901 చట్టంతో ఆ దేశం రంగు మనుషుల్ని ఆపడానికి డిక్టేషన్ పరీక్ష పెట్టింది. ఏదో ఒక యూరప్ భాషలో 50 పదాలు చదువుతారు, రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. మనిషిని చూసి భాషను ఎంచుకునేవాళ్ళు. శ్వేత ఆస్ట్రేలియా విధానం 1973లో పోయింది. ఇప్పుడు రంగు గడి లేదు. చదువులో ట్రేడు అర్హతకు 10, పీహెచ్‌డీకి 20, మంచి ఇంగ్లీషుకు 20 దాకా, గట్టెక్కడానికి 65. వృత్తి పరీక్ష విడిగా వుంటుంది, అందులో చేతితో చేసి చూపించే భాగం కూడా వుంటుంది. మాకు ఇది కెనడా పద్ధతి కంటే నిజాయితీగా అనిపించింది. చేతిని చూస్తానన్నవాడు కనీసం చేతిని చూస్తున్నడు. అయితే ఎలక్ట్రీషియన్, ప్లంబరు లాంటి లైసెన్సు పనుల్లో పోయినంక కూడా కొంతకాలం ఇంకొకరి కింద పనిచేసి, అక్కడి పద్ధతుల శిక్షణ పూర్తి చేస్తేగానీ సొంతంగా వైరు ముట్టనియ్యరు.

ఇదంతా చదివి పరదేశాలు దళితుల్ని అడ్డుకుంటున్నయని మేము తేల్చేస్తే అది సోమరి విమర్శ అవుతుంది. అక్కడివాళ్ళకు మన కులాలు తెలియవు. వాళ్ళు అడిగింది కాగితం. ఆ కాగితం మన చేతిలో లేకుండా చేసింది ఎవరు?

మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున భద్రంగా వున్న కాగితాలు రెండే: రేషను కార్డు, కులం సర్టిఫికెట్. మండలాఫీసులో సంతకం, ముద్ర, నంబరు అన్నీ సరిగ్గా వున్న పత్రం మా కులానిది. మా పనికి పత్రం లేదు. బాపు కట్టిన ఇండ్లు మండలంలో వందకు పైనే వుంటయి. ఒక్కదాని మీద ఆయన పేరు లేదు, ఒక్క యజమాని రాసిచ్చిన చీటీ లేదు. తాపీపని ఆయన ఏ బడిలో నేర్చుకున్నడు? మేస్త్రీ వెనక మాలు అందిస్తూ, తిట్లు తింటూ, మధ్యాహ్నం మేస్త్రీ అన్నం తినేటప్పుడు తాపీ పట్టుకొని చూసి నేర్చుకున్నడు. ఆ బడికి రిజిస్టరు లేదు.

1983 నాటి వలస చట్టం మన పాస్‌పోర్టుల్నే రెండు రకాలు చేసింది. పదో తరగతి పాసు కానివాడిది ఇసిఆర్ పాస్‌పోర్టు. వాడు సౌదీ, ఖతర్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. మోసాల నుంచి కాపాడటానికే అంటరు, కొంత నిజం కూడా. కానీ ఎవరికి కాపాడే అవసరం వుందో నిర్ణయించింది పదో తరగతి. పదో తరగతి ఎవరికి అందలేదో మనకు తెలుసు.

ఇక మా అవ్వ సంగతి. ముప్పై ఏండ్లు కట్టుబడి పనిలో తట్ట మోసింది. మాలులో ఇసుక ఎంత, సిమెంటు ఎంత, ఎండాకాలం నీళ్ళు ఎన్నిసార్లు కొట్టాలె, చెయ్యి పెట్టి చూసి ఇది నిలుస్తదా పగుల్తదా అని చెప్తది. బాపు కొత్త చోటికి పోతే ఇసుకను అవ్వతోనే చూపిస్తడు. మగపిలగాడు రెండేండ్లు మాలు అందిస్తే చిన్న మేస్త్రీ అవుతడు. ఆడమనిషి ముప్పై ఏండ్లు అందించినా కూలీనే. తాపీ పట్టుకోనిచ్చేది ఎవరు? మాలవాడలో, మాదిగవాడలో కూడా ఈ నిషేధం వున్నది, దీన్ని బ్రాహ్మణుల మీద నెట్టలేం. మన కనీస వేతనాల జాబితాలు ఆమెను అన్‌స్కిల్డ్ అన్నయి. కెనడా వృత్తుల పట్టికలో కూడా నిర్మాణపు హెల్పర్లు అట్టడుగు తరగతిలోనే వున్నరు, చేతిపని వాళ్ళ దారిలో వాళ్ళకు చోటు లేదు. నాటు వేసే చేతికీ అంతే. వంగి, గెర్రె తప్పకుండా, మునుం పట్టి పొద్దుగూకేదాకా నాటే చెయ్యి ఏ దేశపు లెక్కలోనూ నైపుణ్యం కాదు. ఈ విషయంలో హైదరాబాదు, ఒట్టావా ఒకే మాట మీద వున్నయి.

కులం అంటే శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేద్కర్ 1936లో చెప్పిన మాట మనకు కంఠతా వచ్చు. అంతగా గుర్తుపెట్టుకోని సంగతి ఇంకొకటి వుంది. 1942లో ఆయన వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక సభ్యుడైనంక, ఆ అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద ఒక వినతిపత్రం ఇచ్చిండు. చదువుకు సంబంధించి అందులో వున్న కోరికలు ముఖ్యంగా మూడు. సైన్సు, టెక్నాలజీ చదువులకు ఇక్కడ స్కాలర్‌షిప్పులు, విదేశాల్లో పైచదువులకు సహాయం, మూడోది సాంకేతిక శిక్షణ. ప్రభుత్వ అచ్చు యంత్రశాలల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకోవాలన్నడు. యుద్ధ కాలంలో బెవిన్ పథకం కింద భారతీయ యువకుల్ని చేతిపనుల శిక్షణకు ఇంగ్లండు పంపుతున్న రోజులవి. నైపుణ్యం కోసం సముద్రం దాటడం అనేది ఆయన శాఖలో రోజూ నడిచే వ్యవహారం.

ఆ మూడింటిలో మొదటి రెంటికి మనం వారసులం. స్కాలర్‌షిప్పు లేకుంటే ఈ వ్యాసం రాసే మనిషి లేదు. విదేశీ చదువుకు కేంద్రం స్కాలర్‌షిప్పు 1954-55 నుంచి నడుస్తున్నది. ఎస్సీలతో పాటు సంప్రదాయ చేతివృత్తుల వాళ్ళ పిల్లలు కూడా దానికి అర్హులే, కానీ మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో అయితేనే. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తరు, అదీ పీజీ చదువుకే. మూడో కోరికను మాత్రం మనమే మరిచిపోయినం. మన విద్యార్థి సంఘాలు ఫెలోషిప్పుల ఆలస్యం మీద ధర్నాలు చేసినయి, చేయాలి కూడా. ఐటిఐలో వెల్డింగ్ రాడ్లు లేక పిల్లలు గోడకు ఆనుకొని కూర్చుంటే ఎన్ని ధర్నాలు చేసినం? మాకైతే ఒక్కటీ గుర్తు లేదు. చేతిపని నుంచి తప్పించుకోవడాన్నే విముక్తి అనుకున్నం. అందులో నిజం వుంది, కానీ ఆ నిజం మా తమ్మున్ని బయట నిలబెట్టింది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం వుంది. చేతిపనిని పొగడటం మనకు కొత్త ప్రమాదం కాదు. 1953లో మద్రాసులో రాజాజీ పిల్లలు సగంపూట బడికి, సగంపూట తండ్రి వృత్తికి పోవాలన్నడు. జనం దాన్ని కులకల్వి అని పేరుపెట్టి 1954లో వెనక్కి కొట్టిన్రు. 2023 సెప్టెంబరులో మొదలైన పిఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నయి. కమ్మరి, కుమ్మరి, చెప్పులు కుట్టేవాడు, మంగలి, చాకలి, తాపీమేస్త్రీ. గురుశిష్య పరంపర, కుటుంబ వృత్తి అనే మాటలు అందులో పదే పదే వస్తయి. గుర్తింపు కార్డు ఇస్తరు, సర్టిఫికెట్ ఇస్తరు, పనిముట్లకు డబ్బు ఇస్తరు. కంచ ఐలయ్య 1996 పుస్తకం ఉత్పత్తి కులాల పనిలో జ్ఞానం వుందని గట్టిగా చెప్పింది, మా తరం దాన్ని తాగి పెరిగింది. కానీ ఇప్పుడు ఆ పొగడ్తను రాజ్యం కూడా నేర్చుకున్నది. తేడా ఎక్కడ కనిపెట్టాలె? మాకు తోచిన కొలబద్ద ఒకటి. ఆ సర్టిఫికెట్‌తో మనిషి ఎటు పోగలడు? తాత వృత్తిలోకి, తాత వాడలోకి తిప్పి పంపే పత్రం కులపత్రమే, పేరు ఏదైనా కావచ్చు. నచ్చిన వూరికి, నచ్చిన దేశానికి, నచ్చకపోతే వేరే పనికి పోనిచ్చే పత్రం నైపుణ్య పత్రం. మా తమ్ముని తాతల్లో ఎవరూ వెల్డర్ కాదు.

పరదేశం పోతే కులం వదులుతుందా అని మిత్రులు అడుగుతరు. వదలదు. న్యూజెర్సీలోని రాబిన్స్‌విల్‌లో ఒక పెద్ద ఆలయం కట్టడానికి రాజస్థాన్ నుంచి రాళ్ళపని వాళ్ళను తీసుకుపోయిన్రు. 2021 మేలో వాళ్ళ తరఫున ఫెడరల్ కోర్టులో దావా పడింది. వాళ్ళలో చాలామంది దళితులని, మతసేవకుల వీసా మీద స్వచ్ఛంద సేవకులుగా చూపించి గంటకు 1.20 డాలర్ల లెక్కన ఇచ్చిన్రని అందులో ఆరోపణ. ఆ ఏడాది ఆ రాష్ట్రంలో కనీస వేతనం గంటకు 12 డాలర్లు. ఆలయ సంస్థ ఆరోపణల్ని ఖండించింది, కొందరు కార్మికులు 2023లో దావా నుంచి తప్పుకున్నరు, నేర విచారణ 2025లో అభియోగాలు లేకుండానే ముగిసింది. తీర్పు చెప్పడం మా పని కాదు. మేము చూస్తున్నది వీసా మీద రాసిన మాటను. రాతిని చెక్కే చేతిని 'సేవ' అని రాస్తే వేతనం మాయమవుతుంది, 'లేబర్' అని రాస్తే అనుభవం మాయమవుతుంది. చేతివృత్తి దారిలో శాశ్వత నివాసంతో పోయినవాడికి ఈ బెడద తక్కువ. యజమాని నచ్చకపోతే మార్చుకోవచ్చు, పని పోయినా దేశం వదలాల్సిన పని లేదు, యూనియన్‌లో చేరినందుకు ఎవడూ విమానం ఎక్కించలేడు. మస్కట్‌లో మా బాపుకు లేనిదీ ఇదే.

పోయేవాడు పోరాటం వదిలి పారిపోతున్నడని అనే కార్యకర్తలు కూడా వున్నరు. ఈ మాట పీహెచ్‌డీకి లండన్ పోయేవాడిని ఎవరూ అనరు, అతనికి సన్మానం చేసి పంపుతరు. వెల్డర్ పోతే పారిపోవడం, స్కాలర్ పోతే గర్వకారణం. ఈ తేడా మనకు ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం తడిమి చూసుకోవాలి.

మేము అడుగుతున్నవి పెద్దవేం కావు. విదేశీ విద్యానిధి లాంటిదే ఒకటి చేతిపని వాళ్ళకు కావాలి: భాష పరీక్ష ఫీజు, వృత్తి పరీక్ష ఫీజు, బ్యాంకులో చూపే డబ్బుకు ప్రభుత్వ పూచీ. గల్ఫ్‌లో చేసిన పనికి అక్కడి మన రాయబార కార్యాలయాలు, వీసా మీద ఏముందో కాకుండా చేసిన పనేమిటో విచారించి పత్రం ఇచ్చే ఏర్పాటు వుండాలి. ఐటిఐల్లో పని ఇంగ్లీషు నేర్పాలి. సైటుల్లో ఆడవాళ్ళను పరీక్షించి మేస్త్రీ పత్రం ఇయ్యాలి. ఈ చివరిదానికి ముందు మన వాడల్లోనే కొట్లాట అవుతుంది, కానీయండి.

దరఖాస్తు కాగితాల్లో కుటుంబ సభ్యుల వివరాల ఫారం ఒకటుంటుంది. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు, వాళ్ళు చేసే పని. మా తమ్ముడు తండ్రి గడిలో 'మేసన్' అని రాసి, తల్లి గడిలో అలవాటుగా 'హౌస్‌వైఫ్' అని రాసిండు. అవ్వ పక్కనే కూర్చున్నది. "నాదేం పని రాసినవ్ బిడ్డా?" అన్నది. చెప్పినం. కొంచెంసేపు ఏమనలేదు. తర్వాత "మీ బాపు గోడకు మాలు ఎవలు కలిపిన్రు?" అన్నది. మేము కొట్టేసి 'నిర్మాణ కార్మికురాలు' అని ఇంగ్లీషులో రాసినం. మేస్త్రీ అని రాయమన్నది. ఆ ఫారం ఇంకా పంపలేదు, ఖతర్ నుంచి ఉత్తరం రావాలి.